సర్వ్‌లెట్ పాఠం పైన టామ్‌క్యాట్ నంబరు వేయండి

సంపాదకులకు,

పోటీ పరీక్షల పేజీల్లో, కాలేజీ ల్యాబ్ మాన్యువళ్లలో చాలాచోట్ల సర్వ్‌లెట్ (వెబ్ సర్వర్‌లో నడుస్తూ బ్రౌజర్‌కు జవాబిచ్చే జావా క్లాస్) తొలి ప్రోగ్రాం ఇప్పటికీ ‘జావాఎక్స్.సర్వ్‌లెట్’ అనే పాత ప్యాకేజీ ఇంపోర్టుతోనే ఉంటోంది. విద్యార్థి మాత్రం సర్వ్‌లెట్లను నడిపే సర్వర్ టామ్‌క్యాట్‌ను కొత్తది దించుకుంటాడు. అక్కడే తేడా కొడుతోంది.

ఒరాకిల్ సర్వ్‌లెట్లు భాగంగా ఉన్న జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించినా ట్రేడ్‌మార్కు తన దగ్గరే ఉంచుకుంది. అందుకే జావా ఈఈ పేరు జకార్తా ఈఈ అయింది, 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేరు ‘జకార్తా.సర్వ్‌లెట్’గా మారింది. టామ్‌క్యాట్ 9 వరకూ పాత పేరు, 10 నుంచి కొత్తది. 10.1కి కనీసం జావా 11, టామ్‌క్యాట్ 11కి జావా 17 ఉండాలి.

పాత ఇంపోర్టు కంపైల్ కాకపోతే పిల్లలు ఎక్కడిదో పాత సర్వ్‌లెట్ జార్ (క్లాసుల మూట ఫైలు) తెచ్చి ప్రాజెక్టులో పడేస్తారు. ఎర్రగీతలు పోతాయి, రోగం పోదు. మ్యాపింగ్‌ను (ఏ యూఆర్‌ఎల్‌కు ఏ సర్వ్‌లెట్ అన్నది) క్లాస్ పైనే @వెబ్‌సర్వ్‌లెట్ అనే గుర్తుతో రాసి ఉంటే టామ్‌క్యాట్ 10 ఆ పాత యానొటేషన్‌ను గుర్తించదు. ఏ ఎర్రర్ వివరమూ లేకుండా 404 (పేజీ దొరకలేదు) వస్తుంది. వెబ్.ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైలులో రాసి ఉంటే క్లాస్ దొరకలేదనో, అది సర్వ్‌లెట్టే కాదనో 500 (సర్వర్ లోపం) వస్తుంది. రెండో వాడికి లాగ్‌లో కారణమైనా దొరుకుతుంది. మొదటివాడు యూఆర్‌ఎల్‌లో స్పెల్లింగ్ వెతుక్కుంటూ పూట గడుపుతాడు.

పాత పుస్తకమే చేతిలో ఉంటే టామ్‌క్యాట్ 9 వాడితే సరి, జావా 8 చాలు. కొత్తగా మొదలుపెట్టేవారు 10.1తో పాటు, లైబ్రరీలను తెచ్చిపెట్టే మేవెన్‌లో జకార్తా సర్వ్‌లెట్ ఏపీఐ 6.0.0 పెట్టుకోవాలి, స్కోప్ ‘ప్రొవైడెడ్’ అని రాయాలి, ఆ క్లాసులు సర్వర్‌లో ఎటూ ఉంటాయి.

404కూ 405కూ తేడా కూడా పాఠంలో ఉండాలి. 405 అంటే సర్వ్‌లెట్ దొరికింది, కానీ ఫారం డేటాను పోస్ట్ పద్ధతిలో పంపితే మీరు గెట్ పద్ధతికి జవాబిచ్చే డూగెట్ ఒక్కటే రాశారన్నమాట. మ్యాపింగ్ ముందు స్లాష్ మరిచిపోతే అప్లికేషనే లేవదు.

తెలుగు పేర్ల ఫారం చేసేవారికి టామ్‌క్యాట్ 9లో మరో చిక్కు. జవాబులో ప్రశ్నార్థకాలు కనబడితే జవాబు రాసే గెట్‌రైటర్‌కు ముందే కంటెంట్ టైప్‌లో తెలుగు అక్షరాలు పట్టే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టలేదని అర్థం. గజిబిజి లాటిన్ అక్షరాలు వస్తే, పోస్ట్ డేటా చదివే మొదటి గెట్‌పారామీటర్‌కు ముందే రిక్వెస్టు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా సెట్ చేయాలి. తర్వాత చేస్తే పనిచేయదు.

ఇక సర్వ్‌లెట్ ఆబ్జెక్టు అందరికీ ఒక్కటే. యూజర్ పేరును క్లాస్ ఫీల్డులో దాచితే ఒకరి పేరు మరొకరికి కనిపించవచ్చు. ల్యాబ్‌లో ఒక్కరే నొక్కి చూస్తారు కాబట్టి ఇది బయటపడదు.

కాబట్టి పాఠం ఏదైనా, మొదటి గీతలోనే జేడీకే (జావా కిట్), టామ్‌క్యాట్ నంబర్లు అచ్చువేయండి. పాత వార్ ఫైలును (మూటకట్టిన వెబ్ అప్లికేషన్‌ను) టామ్‌క్యాట్ 10లో నడపాల్సినవారికి ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ ఫోల్డర్ ఉందని కూడా ఒక మాట రాయండి. అందులో వేస్తే ప్యాకేజీ పేర్లు సర్వరే మార్చుకుంటుంది.

– జావా అధ్యాపకులు, గుంటూరు