స్టేషన్ ఇచ్చి రైలు ఇవ్వకపోతే ట్రాఫిక్ ఎలా తగ్గుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మన హైదరాబాద్ లోకల్ రైళ్ల వ్యవస్థ ఎంఎంటీఎస్‌లో కొత్త స్టేషన్ల కోసం కాలనీ సంఘాలు సంతకాలు సేకరిస్తున్నాయని పది రోజుల కిందట మీ సిటీ పేజీలో వచ్చింది. ఆ డిమాండ్ నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. సాయంత్రం ఆరు దాటాక సుచిత్ర జంక్షన్‌లో చిక్కుకున్న వాళ్లకు దాని అవసరం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే మీరు ప్రచురించిన వినతిపత్రంలో ‘స్టేషన్ మంజూరు చేయాలి’ అని తప్ప ఇంకేమీ లేదు. అంతే అడిగితే అంతే ఇస్తారు. ఇప్పటికే ఒకసారి అలాగే ఇచ్చారు.

సనత్‌నగర్–మౌలాలి లైనే చూడండి. 22 కిలోమీటర్ల ఆ లైను సికింద్రాబాద్ తగలకుండా గూడ్సు బండ్లను పక్క నుంచి దాటించడానికి వేసింది. ఎంఎంటీఎస్ రెండో దశలో పక్కన రెండో లైను వేసి దాన్ని డబ్లింగ్ చేశారు, కరెంటు లైను వేశారు, ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు అని ఆరు స్టేషన్లు కట్టారు. 2024 మార్చి 5న ప్రధాని ఘట్‌కేసర్–లింగంపల్లి రైలుకు పచ్చజెండా ఊపారు. ఆరు స్టేషన్ల భవనాలూ బాగున్నాయి. ఆగే రైళ్లనే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదికి ఆఫీసులో ఉండాల్సిన మనిషి ఒక బండి తప్పిపోతే మళ్లీ ఎప్పుడో తెలియని లైనును నమ్ముకోడు. బైకు తీస్తాడు. ఆ తర్వాత ‘ప్రయాణికుల స్పందన లేదు’ అని ఫైలులో రాసుకుంటారు. తప్పు ప్రయాణికుడి మీదికి నెట్టేయడం ఎంత తేలికో!

ఆ రైలు మొదలైన నాలుగు రోజులకే, మార్చి 9న, ప్యారడైజ్–డెయిరీఫామ్ ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. 5.3 కిలోమీటర్లకు అంచనా సుమారు రూ.1,580 కోట్లు. 2012–13లో మంజూరైన ఎంఎంటీఎస్ రెండో దశ మొత్తానికి మొదటి అంచనా రూ.800 కోట్ల పైచిలుకు మాత్రమే. అందులో రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలి. ఆ వాటాల దగ్గరే ఏళ్లు గడిచిపోయాయి. కారిడార్ వద్దని నేను అనను. అన్ని కోట్లు పెట్టి పైన రోడ్డు వేస్తున్న నగరంలో, ఇప్పటికే వేసి ఉన్న పట్టాల మీద అరగంటకో బండి తిప్పడానికి ఎవరికీ చేతులు రాకపోవడమే బాధ.

సంతకాలు సేకరిస్తున్న మిత్రులు వినతిపత్రాన్ని మళ్లీ రాయాలని నా మనవి. మొదట, ఎక్కడ ఇవ్వాలో చూసుకోండి. మేడ్చల్ లైను హైదరాబాద్ డివిజన్ కిందికి వస్తుంది, లింగంపల్లి లైను సికింద్రాబాద్ డివిజన్ కిందికి. డివిజన్ మేనేజర్ల (డీఆర్‌ఎం) ఆఫీసులు రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నా ఒకరి ఫైలు మరొకరు చూడరు. తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం అక్కడే పడి ఉంటుంది. నకలు ఒకటి డివిజన్ ప్రయాణికుల సలహా సంఘంలోని సభ్యుడి చేత ఎజెండాలో పెట్టించండి. అప్పుడు ఏదో ఒక జవాబు రాతపూర్వకంగా ఇవ్వక తప్పదు.

రెండోది స్థలం. కాలనీకి దగ్గరని ఎక్కడ పడితే అక్కడ హాల్ట్ (బండి ఆగి వెళ్లే చిన్న స్టేషన్) పెట్టరు. పన్నెండు బోగీల బండి నిలవాలంటే సుమారు 270 మీటర్ల ప్లాట్‌ఫాం కావాలి. ఆ మేర పట్టాలు వంపు లేకుండా ఉండాలి, లేకపోతే బోగీ గుమ్మానికీ ప్లాట్‌ఫాం అంచుకూ మధ్య సందు పెరిగిపోతుంది. స్టేషన్ దగ్గర వాలు 400 మీటర్లకు ఒక మీటరు మించకూడదన్నది రైల్వే ప్రమాణం. వంపులో ఉన్న చోటు చూపించి అడిగితే, ‘సాంకేతికంగా సాధ్యం కాదు’ అన్న జవాబుకు మనమే దారి ఇచ్చినట్టు.

అన్నిటికన్నా ముఖ్యం సిగ్నళ్లు. వార్తల్లో ఎవరూ రాయని సంగతి ఇదే. హాల్ట్‌కు సొంత సిగ్నళ్లు ఉండవు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ లేని చోట రెండు పెద్ద స్టేషన్ల మధ్య ఒక దిశలో ఒక్క బండే ఉండాలి. బ్రేకు వేసి, ఆగి, మళ్లీ వేగం అందుకునేసరికి ఒక్కో హాల్ట్‌కు రెండు నిమిషాల దాకా పోతుంది. వరసగా మూడు హాల్టులుంటే ఆరు నిమిషాలు. అంతసేపూ వెనక సిమెంటు గూడ్సో బొగ్గు గూడ్సో సిగ్నల్ కోసం నిలబడాలి. అందుకే రైళ్లు నడిపించే ఆపరేటింగ్ విభాగం కొత్త హాల్ట్ అంటేనే అడ్డం తిరుగుతుంది. వాళ్ల ఇబ్బంది నిజమే, దానికి మందు కూడా వాళ్లకు తెలుసు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ వేస్తే ఆ రెండు స్టేషన్ల మధ్య సెక్షన్ సిగ్నళ్లతో ముక్కలవుతుంది, ఒకదాని వెనక ఒకటి బండ్లు నడుస్తాయి. కాబట్టి స్టేషన్‌తో పాటు సిగ్నలింగ్ పనీ అడగండి. ఉదయం ఏడు నుంచి పదిన్నర, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు అరగంటకో బండి అని వేళలతో సహా రాయండి.

ఇక స్టేషన్‌కు వచ్చిపోయే దారి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కరెంటు తీగలను దాటాలంటే పట్టాలకు ఆరున్నర మీటర్ల పైన ఉండాలి. మెట్టు పదిహేను సెంటీమీటర్లనుకుంటే ప్లాట్‌ఫాం మీద నుంచి సుమారు నలభై మెట్లు ఎక్కాలి, అన్నే దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంకలో పిల్లతో ఉన్న తల్లి ఒకసారి ఎక్కి రెండోసారి ఆటో పిలుస్తారు. లిఫ్టు గాని ర్యాంపు గాని మొదటి అంచనాలోనే ఉండాలి, తర్వాత చూద్దామన్నది ఎప్పటికీ రాదు. స్టేషన్ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఫుట్‌పాత్, లైట్లు, బస్సు ఆగడానికి చోటు రైల్వే పని కాదు. ఆ వినతిపత్రం మున్సిపల్ కార్పొరేషన్‌కూ ఆర్టీసీకీ అదే రోజు వేరుగా ఇవ్వాలి.

చర్లపల్లి చూశాం కదా. 2025 జనవరి 6న వందల కోట్ల రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది, రైళ్లు అక్కడికి మారాయి. దానికి తగ్గ రోడ్లు, లోకల్ బండ్లు మాత్రం ముందుగా సిద్ధం కాలేదు. బేగంపేట, భరత్‌నగర్, మలక్‌పేటల్లో మెట్రో, ఎంఎంటీఎస్ పక్కపక్కనే ఉన్నా రెండింటికీ చెల్లే ఒక్క టికెట్ నేటికీ లేదు. ఒకరి పనితో ఒకరికి సంబంధం లేనట్టు రైల్వే, మెట్రో, ఆర్టీసీ, కార్పొరేషన్ నడుస్తుంటే నష్టపోయేది రోజూ జేబులోంచి ఖర్చు పెట్టుకుని తిరిగే జనమే.

ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. కొవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. 2021 జూన్‌లో మళ్లీ మొదలైనప్పుడు పదితో సరిపెట్టారు. ఐదు రూపాయల కనీస చార్జీతో, ఒక్క బండిలో వెయ్యి మందికి పైగా తీసుకెళ్లగల వ్యవస్థ ఇంతకన్నా చవగ్గా ఈ నగరానికి దొరకదు. దక్షిణ మధ్య రైల్వే అధికారులు వచ్చే టైంటేబుల్‌లో ఘట్‌కేసర్–లింగంపల్లి, మేడ్చల్ మార్గాల్లో రద్దీ వేళల బండ్లు పెంచుతారో లేదో మీ పత్రిక ద్వారానే జవాబివ్వాలి. పెంచకపోతే, ఏ సెక్షన్‌లో ఏ కారణం అడ్డో పేరు పెట్టి చెప్పాలి.

– ఒక పాఠకుడు, నేరేడ్‌మెట్