అమ్మలూ, చింతకాయ రసం ఆఖరున పొయ్యి

క్వెజాన్ సిటీ

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఫిలిప్పీన్స్ వాళ్ళ పుల్లటి పులుసు సినిగాంగ్ చేశాననీ, గాబి ముక్కలు గంటన్నర ఉడికినా గట్టిగానే ఉన్నాయనీ, మాంసం పీచులా అయిందనీ, నీళ్ళు పుల్లగా ఉన్నాయి తప్ప రుచి లేదనీ రాశావు. ఈ మూడింటికీ కారణం వేరువేరు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. గిన్నె పక్కన పెట్టుకుని చదువు.

ముందు గాబి సంగతి. గాబి అంటే మన చేమదుంపే. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే ఆ పప్పు ఇక ఉడకదని అమ్మమ్మ దగ్గర వినే ఉంటావు. ఇక్కడ జరిగింది కూడా అదే. పులుపు తగిలితే దుంపలో కణాలను పట్టి ఉంచే జిగురు కరగదు. తర్వాత ఎంతసేపు ఉడికించినా ముక్క బిర్రుగానే ఉంటుంది. నువ్వు చింతకాయ రసం మాంసంతో పాటే పోసేశావు. సినిగాంగ్‌లో పులుపు దాదాపు ఆఖరున పడాలి. మొదట్లో వేసే మూడు టమాటాల పులుపుతో ఇబ్బంది లేదు, అది చాలా తక్కువ.

సరిగ్గా ఉడకని చేమదుంపతో ఇంకో బాధ ఉంది. గొంతు దురద పెడుతుంది. దాంట్లో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి, పచ్చి దుంప చెక్కేటప్పుడు చేతులు జిలపెట్టేది వాటివల్లే. కడిగి పూర్తిగా తుడిచి, చేతికి కాస్త నూనె రాసుకుని చెక్కు. తడి చేత్తో ముట్టుకోకు.

ఇక మాంసం. నువ్వు కొన్నది పిగే, అంటే వెనక తొడ. అది కొవ్వు లేని భాగం, వేపుడుకి పనికొస్తుంది కానీ పులుసులో ఎంత ఉడికితే అంత ఎండుతుంది. సినిగాంగ్ నా బాబోయ్‌కి, అంటే పంది మాంసంతో చేసే సినిగాంగ్‌కి, లియెంపో కావాలి. పొట్ట దగ్గర తోలు, కొవ్వు, మాంసం పొరలు పొరలుగా ఉండే భాగం అది. దానితో పాటు బుతో-బుతో అడుగు, మాంసం అంటుకుని ఉన్న ఎముకలు. నలుగురైదుగురికి 600 గ్రాముల లియెంపో, 400 గ్రాముల బుతో-బుతో సరిపోతాయి. ఉత్త లియెంపో వేస్తే పులుసంతా నూనె తేలుతుంది, ఉత్త ఎముకలైతే తినడానికి ముక్క దొరకదు. ముక్కలు రెండంగుళాలకి తగ్గనివ్వకు. చిన్న ముక్క ఉడికేసరికి ఇంకా చిన్నదైపోయి పులుసులో కనబడకుండా పోతుంది.

మీ దావావ్ ఊళ్ళో బంకెరోహాన్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళు. అక్కడ బిసాయా భాష మాట్లాడతారు కాబట్టి చింతకాయని సంబాగ్ అని అడుగు. తగలోగ్‌లో అదే సంపాలోక్. మనీలాలో సంపాలోక్ అనే పేటకి ఆ పేరు ఈ చెట్టు వల్లే వచ్చింది. పండిన చింతపండు కాదు, పచ్చికాయ కావాలి. మన దగ్గర చింతకాయ తొక్కుకి కొనే దశలో ఉంటుందే, అలాంటిది. తొక్క బూడిద కలిసిన ఆకుపచ్చలో ఉండి, గోటితో గీరితే లోపల పచ్చగా కనబడాలి. తొక్క పెళుసుగా విడిపోతే పండడం మొదలైనట్టు. అప్పుడు తీపి చేరుతుంది, పులుసు గోధుమరంగుకి తిరుగుతుంది. కిలో మాంసానికి పావుకిలో కాయలు తీసుకో.

మిగతా కూరలు: గాబి 350 గ్రాములు, నున్నటి చిన్న దుంపలైతే మంచిది. మధ్యస్థం ముల్లంగి ఒకటి. సితావ్, అంటే పొడుగు బొబ్బర్ల కాయలు, పదో పన్నెండో. పొడుగు వంకాయ ఒకటి, లేత బెండకాయలు ఆరు, పొడుగు పచ్చిమిరపకాయలు రెండు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, పండు టమాటాలు మూడు, కాంగ్‌కోంగ్ ఒక కట్ట. కాంగ్‌కోంగ్ మన తూటికూరే. నీళ్ళలో పెరిగే ఆకు కాబట్టి మూడు నాలుగు నీళ్ళు మార్చి కడుగు, ముదురు కాడల అడుగు భాగం తీసెయ్.

వండే గిన్నె స్టీలుది తీసుకో. అక్కడ అద్దె ఇళ్ళలో ఎక్కువగా అల్యూమినియం కల్డేరోలే ఉంటాయి. అన్నానికి అవి బాగానే ఉంటాయి కానీ ఇంత పులుపు పోస్తే గిన్నె లోహం కొంచెం కరిగి దిగుతుంది, పులుసుకి లోహపు వాసన పడుతుంది.

మాంసం మునిగేలా మామూలు నీళ్ళు పోసి మరిగించు. ఐదు నిమిషాల్లో బూడిదరంగు తెట్టు పైకి వస్తుంది. ఆ నీళ్ళు మొత్తం పారబోసి, ముక్కలు కుళాయి కింద కడిగి, గిన్నె కూడా తోమెయ్యి. గరిటతో తెట్టు తీస్తూ కూర్చోవడం కంటే ఇదే సుళువు, పంది వాసన కూడా చాలావరకు పోతుంది.

ఇప్పుడు రెండు లీటర్ల బియ్యం కడుగు నీళ్ళు పొయ్యి. మొదటి కడుగులో దుమ్ము ఉంటుంది, అది వద్దు. రెండోసారి గట్టిగా పిసికి కడిగిన తెల్లటి నీళ్ళు తీసుకో. నీ పులుసు నీళ్ళలా ఉండడానికి సగం కారణం ఇదే, నువ్వు ఉత్త నీళ్ళు పోశావు. కడుగులోని గంజి వల్ల పులుసుకి చిక్కదనం వస్తుంది, పులుపు నాలుకకి నేరుగా తగలకుండా మెత్తబడుతుంది. అయితే ఆ పిండి అడుక్కి దిగి మాడుతుంది. మరుగు వచ్చేదాకా రెండు మూడుసార్లు అడుగు తగిలేలా కలుపు. ఉల్లిపాయ నాలుగు చెక్కలు, టమాటాలు నాలుగేసి ముక్కలు, పాతిస్ రెండు టేబుల్ స్పూన్లు ఇప్పుడే వేసెయ్. పాతిస్ చేపల ఉప్పునీళ్ళు కదా, ఉడికితే ఆ ఘాటు పోయి రుచి మిగులుతుంది.

మరుగు రాగానే మంట తగ్గించు. ఇక్కడ ఓపిక పట్టాలి తల్లీ. నీళ్ళమీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ రావాలి, అంతే. తెర్లనిస్తే కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విరిగి నీళ్ళలో కలిసిపోతుంది, పులుసు జిడ్డుగా నోటికి అంటుకుంటుంది. ఎముకల దగ్గర, తోలులో ఉన్న గట్టి పీచు సన్న సెగ మీద నెమ్మదిగా కరిగి జిగురుగా దిగుతుంది. పెదాలు కొంచెం అతుక్కుంటే ఆ జిగురు దిగినట్టు. మూత ఓరగా పెట్టి గంట ఉంచు. లియెంపో తోలులోకి ఫోర్కు ఒత్తకుండానే దిగాలి. మాంసం మెత్తబడ్డా తోలు రబ్బరులా ఉంటే ఇంకో పావుగంట. కుక్కరైతే మొదటి కూత తర్వాత సన్న సెగ మీద ఇరవై నిమిషాలు చాలు, కానీ మాంసం వరకే. కూరలు కుక్కర్లో వెయ్యకు.

గంట ఉడికాక గాబి వెయ్యి. సగం దుంపలు రెండేసి ముక్కలు, మిగతా సగం నాలుగేసి. ఇలా రెండు సైజులు ఎందుకంటే, చిన్నవి విడిపోయి పులుసులో కలిసిపోవాలి, పెద్దవి తినడానికి మిగలాలి. ఇరవై నుంచి పాతిక నిమిషాలు పడుతుంది. పెద్ద ముక్కలో చాకు గుచ్చి చూడు, వెన్నలోకి దిగినట్టు దిగాలి. చిన్న ముక్కలు మూడు నాలుగు గిన్నె అంచుకేసి గరిటతో నలిపెయ్. చాకు సాఫీగా దిగేదాకా పులుపు జోలికి పోకు.

ఇది ఉడుకుతున్నప్పుడే పక్క పొయ్యి మీద చింతకాయలు పెట్టు. కడిగి, తొడిమలు తీసి, రెండు కప్పుల నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉడికిస్తే తొక్కలు వాటంతటవే పగులుతాయి. పగులులోంచి లేతాకుపచ్చ గుజ్జు ఉబికి వస్తుంది, చింతచిగురు నలిపినప్పటి వాసన వేస్తుంది. దింపి, గరిట వెనకవైపుతో మెత్తగా నొక్కి, జల్లెడలో వడకట్టు. మళ్ళీ అరకప్పు వేడినీళ్ళు పోసి ఇంకోసారి పిండు. తొక్కల్నీ గింజల్నీ మాత్రం చితక్కొట్టకు, వగరు దిగుతుంది. మిక్సీ అసలు వద్దు.

ముల్లంగి అరంగుళం మందాన ఏటవాలుగా కోసి ముందు వెయ్యి, ఐదు నిమిషాలు. తర్వాత చింతకాయ రసం ముప్పాతిక వంతు పోసి, పొడుగు మిరపకాయలు తొడిమలతోనే వెయ్యి. వాటిని చీల్చకు, చీలితే పులుసంతా కారమవుతుంది. సినిగాంగ్‌కి మిరపకాయ వాసన కోసమే. ఆ వెంటనే రెండంగుళాల సితావ్ ముక్కలు, వంకాయ చక్రాలు. వంకాయ ముందే కోసి పెట్టుకుంటే ఉప్పునీళ్ళలో ఉంచు, లేకపోతే కనరెక్కుతుంది. మూడు నిమిషాలాగి బెండకాయలు. ముచ్చిక పైపైన చెక్కాలి కానీ గింజల గది తెరుచుకోకూడదు. అప్పుడు జిగురు బయటికి రాదు. ఇంకో మూడు నిమిషాలు.

ఇప్పుడు రుచి చూడు, ఉత్త పులుసు కాదు, ఒక ముద్ద అన్నంలో కలుపుకుని. గరిటతో తాగి చూసినప్పుడు సరిపోయిన పులుపు అన్నంలో చప్పగా అనిపిస్తుంది. ముద్ద మింగగానే చెవుల కింద కాస్త లాగాలి. ఆ లాగుడు లేకపోతే మిగతా రసం పొయ్యి. లాగుతున్నా రుచి లేదనిపిస్తే తక్కువైంది పులుపు కాదు, ఉప్పు. నువ్వు రాసిన ‘పుల్లగా ఉంది, రుచి లేదు’ అన్నది ఇదే. ఒక్కొక్క స్పూన్ పాతిస్ వేస్తూ చూసుకో. పులుపు మరీ ఎక్కువైతే పంచదార వెయ్యకు, ఇంకో రెండు గాబి ముక్కలు నలిపి, కొంచెం కడుగు పోసి మరిగించు.

తూటికూర కాడలు వేసి ఒక్క నిమిషం. మంట ఆపి, ఆకులు ముంచి మూత పెట్టు. రెండు నిమిషాల్లో వాడుతుంది. పులుపులో ఎక్కువసేపు మరిగితే ఆకు పసరు రంగు పోయి బురదరంగుకి వస్తుంది, అందుకే వడ్డించే ముందు తప్ప వెయ్యకు.

తాలింపు పెట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు. పెట్టకు. పసుపు, ధనియాలు, ఇంగువ ఏదీ వద్దు. ఆవాలు చిటపటలాడాయంటే అది మన పులుసైపోతుంది, మంచి పులుసే కానీ సినిగాంగ్ కాదు. దీని రుచంతా పచ్చికాయ పులుపు, పంది జిగురు, పాతిస్ ఈ మూడింటిదే. కారం కావాలంటే చిన్న గిన్నెలో పాతిస్ పోసి, లాబుయో మిరపకాయ ఒకటి చిదిమి, కాలమన్సి అనే బుల్లి నిమ్మకాయ రసం పిండి పక్కన పెట్టుకో. ముక్క దాంట్లో అద్దుకుని తింటారు.

పచ్చికాయ దొరకని రోజుల్లో ప్యాకెట్ పొడి వాడడం తప్పేమీ కాదు, అక్కడ ఇంటింటా వాడతారు. దాంట్లో ఉప్పు ముందే ఉంటుంది, పాతిస్ సగానికి తగ్గించు, పొడి కూడా సగం వేసి చూసి మిగతాది వెయ్యి. మనవాళ్ళు తెచ్చిన చింతపండు వాడాల్సి వస్తే 50 గ్రాములు నానబెట్టి పిండు, రంగు ముదురుగానే వస్తుందని తెలిసి చెయ్యి. నా మాట వింటే అంతకంటే కమియాస్ మేలు. దావావ్‌లో దాన్ని ఇబా అంటారు, వేలెడంత ఆకుపచ్చ కాయలు. పది కాయలు నిలువునా కోసి నేరుగా గిన్నెలో వేసుకోవచ్చు. పులుపు మరీ ఘాటు, ఐదుతో మొదలుపెట్టు. బాగా పండిన జామపళ్ళతో చేసేది ఇంకో రకం, తీపి కలిసి వాసన చాలా బాగుంటుంది.

నీతో ఉండే ఇలోయిలో అమ్మాయిని కద్యోస్ అంటే ఏమిటో అడుగు. కద్యోస్ మన కందులే. వాటితో పంది మాంసం, పచ్చి పనసకాయ కలిపి, బతువాన్ అనే కాయతో పులుపు పెట్టి వండుతారు వాళ్ళ ఊళ్ళో, పులుసు ఊదారంగులో ఉంటుంది. ఆ అమ్మాయి చేస్తానంటే పక్కన నిలబడి చూడు.

మిగిలిన సినిగాంగ్ రెండు గంటలకి మించి బయట ఉంచకు, దావావ్ ఉక్కకి చెడిపోతుంది. ఆకులూ బెండకాయలూ ఏరి తినేసి, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున్నకి కొవ్వు తెల్లగా పైన గడ్డకడుతుంది, స్పూన్‌తో లేపెయ్. కింద పులుసు జెల్లీలా పేరుకుని కనిపిస్తే మాంసం సరిగ్గా ఉడికించావన్నమాట. మరిగేదాకా వేడిచేసి, పిడికెడు కొత్త ఆకు వేసుకుని తిను.

పాతిస్ సీసా మూత బిగించి పెట్టు, చీమలు పడతాయి.

నాన్న