మంత్రి గారూ, పాత పుస్తకం బీరువాలో ఉంది

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ల నివారణకు కొత్త జాతీయ మార్గదర్శకాలు తయారవుతున్నాయని విన్నాను. సంతోషం. 22 ఏళ్లుగా వార్డు నర్సుగా చేస్తున్నదాన్ని కనుక కొంచెం గుబులూ ఉంది. ఇంతకుముందు వచ్చిన మార్గదర్శకాల పుస్తకం హెడ్ నర్సు బీరువాలో భద్రంగా ఉంది, అట్ట కూడా నలగలేదు.

రాత్రి డ్యూటీలో నాకు 30 మంది రోగులు. సెలైన్ మార్చినా, కాథెటర్ ముట్టుకున్నా ముందోసారి, తర్వాతోసారి చేతులు శుభ్రం చేసుకోవాలి. మనిషికి 8 సార్లు అనుకున్నా 240 సార్లు. సబ్బుతో కడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. నిమిషం చొప్పున వేసుకుంటే నాలుగు గంటలు పంపు దగ్గరే సరి! మంచం పక్కన హ్యాండ్‌రబ్, అంటే నీళ్లు లేకుండా చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం, ఉంటే 20, 30 సెకన్లలో అయిపోతుంది. మా వార్డులో సింకు ఆ చివర ఉంది. గోడకున్న హ్యాండ్‌రబ్ సీసా నొక్కితే గాలి వస్తుంది. చేతులు ఎలా రుద్దుకోవాలో చూపించే పోస్టర్ మాత్రం దాని పైనే, కొత్తగా మెరుస్తూ.

1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు క్లోరిన్ నీళ్లతో డాక్టర్ల చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతానికి పడ్డాయి. విషయం తెలియక ఆగిన పని కాదిది.

250 పడకలకు కనీసం ఒక ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, అదీ పూర్తికాలం ఆ పనికే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మా దగ్గర అది 'అదనపు బాధ్యత'. అంటే ఎవరూ చేయని పని. పోస్టు, జీతం, హ్యాండ్‌రబ్ కొనే డబ్బు ఎక్కడి నుంచి వస్తాయో మార్గదర్శకాలతో పాటే ఉత్తర్వు ఇప్పించండి. మంచానికి ఒక్క రోగే, మంచాల మధ్య కనీసం మీటరు దూరం అని రాస్తారు, రాయాల్సిందే. రెండో రోగి వచ్చినప్పుడు ఎక్కడికి పంపాలో కూడా రాయండి.

ఇంకో మాట. ఇన్ఫెక్షన్ల లెక్క నిజాయితీగా రాసిన ఆసుపత్రికి షోకాజ్ నోటీసు వెళ్లిందంటే మరుసటి నెల నుంచి అందరి రిజిస్టర్లలోనూ సున్నాలే. లెక్క ఎక్కువొస్తే ముందు మనుషుల్ని, సరుకుల్ని పంపండి.

కమిటీలో ప్రొఫెసర్లు ఎలాగూ ఉంటారు. మాప్ పట్టే ఆయానూ ఒకరిని కూర్చోబెట్టండి. ఒకే బకెట్టు నీళ్లతో ఎన్ని గదులు తుడవాల్సి వస్తుందో ఆవిడకే తెలుసు.

ముసాయిదా తయారయ్యాక, ఒక రాత్రి 11 దాటాక ఏ వార్డుకైనా పట్టుకెళ్లి అక్కడి నర్సు చేత చదివించండి. ఆమెకు తీరిక దొరికేదాకా ఆగాల్సి వస్తుంది, ఆగండి. ఏ పేజీ దగ్గర నవ్విందో గుర్తు పెట్టుకోండి.

ఇట్లు,
ఒక వార్డు నర్సు