కెండ్రిక్ లామార్ 'జీఎన్‌ఎక్స్' ఆల్బమ్‌లో వినవలసింది తగవు కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లామార్ ముందుగా ఏ ప్రకటనా లేకుండా 2024 నవంబరు 22న విడుదల చేసిన 'జీఎన్‌ఎక్స్' ఆల్బమ్ గురించి మన పత్రికల్లో నేను చదివిన వార్తలన్నీ కెనడా ర్యాపర్ డ్రేక్‌తో ఆయనకు నడిచిన గొడవ చుట్టూనే తిరిగాయి. ఆ ఇద్దరూ 2024లో ఒకరి మీద ఒకరు వరుసగా పాటలు వదిలిన మాట వాస్తవమే. కానీ వాటిలో అందరి నోళ్లలో నానిన 'నాట్ లైక్ అస్'ను లామార్ ఈ ఆల్బమ్‌లోని పన్నెండు పాటల్లో చేర్చనే లేదు. అంత జనాదరణ ఉన్న పాటను పక్కన పెట్టారంటే ఆయన చెప్పదలచుకున్నది వేరే ఉందన్నమాట. నాకు అర్థమైనంతలో అది ఆయన ఊరి సంగతి, ఆ ఊరి పాట సంగతి.

ఆల్బమ్ పేరు బ్యూయిక్ కంపెనీ 1987లో తయారు చేసిన ఒక కారుది. లామార్ లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో పుట్టింది కూడా ఆ ఏడాదే. మొదటి పాట, గోడ మీద వేసిన తన బొమ్మను ఎవరో పాడు చేశారన్న ఆవేదనతో మొదలవుతుంది. దానికి ముందు వినిపించే గొంతు మాత్రం లామార్‌ది కాదు. మెక్సికో సంప్రదాయ సంగీతమైన మరియాచిని స్పానిష్‌లో పాడే గాయని డేరా బరేరాది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ సందర్భంగా ఆమె పాడగా విని లామార్ పిలిపించుకున్నారని వార్తలు వచ్చాయి. మెక్సికన్ కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు పక్కపక్కనే బతికే ఊరి కథ ఆమె గొంతుతో మొదలు కావడం నాకెంతో ఉచితంగా తోచింది. ఇక టైటిల్ పాటలో హిట్టా జే త్రీ, యంగ్ థ్రెట్, పేసో అనే స్థానిక యువ ర్యాపర్లు తలా ఒక చరణం అందుకున్నారు. 2018లో పులిట్జర్ బహుమతి పొందిన కళాకారుడు, పెద్ద పేర్లను వెంటబెట్టుకునే అవకాశం ఉండి కూడా, తన పేటల కుర్రాళ్లకు మైకు ఇవ్వడం చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా గొప్ప పాట 'రీఇన్‌కార్నేటెడ్'. 1996లో హత్యకు గురైన ర్యాపర్ తుపాక్ షకూర్ పాత పాట బీట్ మీద, తుపాక్ ఉచ్చారణ గుర్తొచ్చేలా సాగే ఈ పాటలో లామార్ తన గత జన్మలను చెప్పుకొస్తారు. ఒక జన్మలో పేరు, డబ్బు తలకెక్కిన గిటారు విద్వాంసుడు. మరో జన్మలో హెరాయిన్‌కు బలైన నల్లజాతి గాయని. మూడో చరణంలో ఆయన ఆయనే. అక్కడ తండ్రికీ కొడుకుకీ మధ్య వాదన మొదలవుతుంది. రెండు పాత్రలనూ తన ఒక్క గొంతుతోనే పలికిస్తూ, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వరు. వింటూ పోగా ఆ తండ్రి దేవుడని, గర్వం వల్ల స్వర్గం నుంచి పడిపోయిన దేవదూతే ఈ కొడుకని తెలుస్తుంది. మాటను తగవు పెంచడానికి వాడుకున్నానని ఒప్పుకుని, ఇకపై సామరస్యానికి వాడతానని తండ్రికి మాట ఇచ్చే చోటు వినకుండా దీన్ని పగ తీర్చుకునే ఆల్బమ్ అని రాయడం అన్యాయం.

'లూథర్'లో ఇప్పటి గాయని సీజా గొంతు పక్కన, 1982లో లూథర్ వాండ్రోస్, షెరిల్ లిన్ పాడిన యుగళగీతపు ముక్కలు శాంపిల్‌గా, అంటే పాత రికార్డు నుంచే తీసి కలిపినవిగా, వినిపిస్తాయి. పాత రికార్డును అలంకారంగా తగిలించకుండా కొత్త పాటకు వంత పాడించిన తీరు చాలా బాగుంది. చివరి పాట 'గ్లోరియా'లో నాయికతో అనుబంధం గురించి చెబుతున్నారనుకుంటూ ఉండగా, ఆ నాయిక ఆయన కలమేనని ఆఖరున బయటపడుతుంది. శృంగార పదాల్లో భక్తిని వినడం అలవాటైన మన శ్రోతలకు ఇది కొత్తగా అనిపించదు.

లోపాలూ ఉన్నాయి. 'పీకబూ', 'హే నౌ' పాటల్లో బీట్ ఒకేచోట తిరుగుతుంది, మాటల్లో ఆత్మస్తుతి తప్ప పెద్దగా ఏమీ మిగలదు. 2015 నాటి ఆల్బమ్‌లో జాజ్ వాద్యకారులతో కలిసి ఆయన సాధించిన నిండుదనం ఈ నలభై నాలుగు నిమిషాల్లో లేదు. పిల్లలతో కలిసి వినలేని బూతులు కూడా ఎక్కువే.

ఈ మంచీ చెడూ చర్చకు రావాలంటే ముందు పాటలు వినాలి. తెలుగులోనూ ర్యాప్ రాసి పాడుతున్న యువకులు పెరుగుతున్న ఈ రోజుల్లో, సినిమా పాటలకు ఇస్తున్నంత శ్రద్ధతో ఇలాంటి ఆల్బమ్‌లకు కూడా సాహిత్యాన్ని, సంగీతాన్ని వివరించే సమీక్షలు మీ ఆదివారం సంచికలో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక శ్రోత, విశాఖపట్నం