సెంటు ధర చూసి ఊరు బాగుపడిందంటారా?

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కర్నూలు స్థలాల ధరల మీద పెద్ద కథనం వేశారు. ఓర్వకల్లు విమానాశ్రయం, కొత్త వెంచర్లు, ఏ రోడ్డులో సెంటు ఎంత పలుకుతోంది, అన్నీ రాసి ఊరు బాగుపడిందని తేల్చేశారు. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఆగాను. తగ్గలేదు.

డబ్బు వద్దని కాదు. మా పిల్లలు పని కోసం హైదరాబాదు, బెంగళూరు పోకుండా ఇక్కడే ఉంటే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ మొన్న మనవణ్ణి హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి దగ్గరికి తీసుకెళ్లాను. జంట గుమ్మటాలు చూపిద్దామని నా ఆశ. వాడు తలెత్తి చూస్తేగా! ముక్కు మూసుకుని "తాతా, ఇది మురుగుకాలువా?" అన్నాడు. నది నాయనా అని చెప్పడానికి నోరు రాలేదు. నల్లటి నీళ్లు, పైన గుర్రపుడెక్క. ఒడ్డున చికెన్ షాపుల సంచులు చిరిగి, తడిసిన ఈకలు మెట్ల రాళ్లకు అతుక్కుపోయి ఉన్నాయి.

2009 అక్టోబరులో ఈ హంద్రీ, తుంగభద్ర కలిసే కదా మనల్ని ముంచింది! మా మేడ మెట్లు ఎనిమిది మునిగాయి. ఆ నీటి చార గోడ మీద ఇప్పటికీ ఉంది, సున్నం వేసినా పోలేదు. ఆక్రమణలు తీసేస్తామని అప్పుడు మా వీధికొచ్చి చెప్పినవాళ్లు మళ్లీ కనబడలేదు. చెత్త గురించి నేను రెండు అర్జీలు ఇచ్చాను. ఒక ఆఫీసులో ఇది మాది కాదన్నారు. వాళ్లు పంపిన ఆఫీసులో రశీదు కూడా ఇవ్వలేదు. ఒకప్పుడు గుమాస్తా అయినా కూర్చోబెట్టి మాట వినేవాడు.

కొండారెడ్డి బురుజు సంగతి వేరే చెప్పాలా? ఎవరి పుట్టినరోజు వచ్చినా ఫ్లెక్సీ దాని ముందే కట్టాలి.

ఆలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే ఇది కందెనవోలు అయిందని పెద్దలు చెప్తారు. పేరే ఏటి ఒడ్డున పుట్టిన ఊరు మనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అప్పటి పేర్లే. ఆ మూడేళ్ల గురించి మా నాన్న ఎప్పుడు మాట్లాడినా సాయంత్రాలు తుంగభద్ర ఇసుకలో కూర్చోవడం, చెలమ తీసి నీళ్లు తాగడం చెప్పేవాడు. స్థలం ధర మాట ఆయన నోట ఒక్కసారీ వినలేదు.

మీ విలేకరిని ఒక రోజు పొద్దున్నే గుమ్మటాల దగ్గరికి పంపండి, నేనే తోడొస్తాను. ఈసారి ధరల పట్టిక వేసేటప్పుడు పక్కనే హంద్రీ ఫొటో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
వన్‌టౌన్, కర్నూలు