పిల్లల కళ్ళజోళ్ళ నిధి: ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

పైసాతో సహా రాసిన పద్దు పుస్తకం, రసీదుల కౌంటర్లు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం అందరికీ తేలిగ్గా అర్థమయ్యేలా, చేతికొచ్చిన మొత్తాన్ని నూరు పాళ్ళు అనుకుని ఏది ఎంతో చెబుతున్నాం.

జమ వైపు, నిరుటి నిల్వ 8 పాళ్ళు, సభ్యుల చందాలు 31, దాతల విరాళాలు 52. పిల్లలూ పెద్దలూ ఇంటింటా పోగుచేసిన పాత కాగితాలు అమ్మితే 7 వచ్చాయి. బ్యాంకు వడ్డీ 2. పేరు చెప్పవద్దన్న దాతలకు కూడా రసీదు రాశాం, పేరు చోట 'శ్రేయోభిలాషి' అని ఉంటుంది.

ఖర్చులో పెద్ద పద్దు కళ్ళజోళ్ళదే, 46 పాళ్ళు. అద్దాలు పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌వి తీసుకున్నాం. మామూలు గాజు కన్నా ధర ఎక్కువే. కానీ ఆటలో బంతి తగిలితే గాజు పగిలి కంట్లో గుచ్చుకుంటుంది, అక్కడ పొదుపు చేయడానికి మనసొప్పలేదు. ఇందులో మా పొరపాటు ఒకటి ఉంది. మొదటి విడతలో అన్ని ఫ్రేములూ ఒకే సైజువి తెచ్చాం. చిన్నపిల్లల ముక్కు మీద అవి నిలవక జారిపోయాయి. 11 ఫ్రేములు వెనక్కి తీసుకోమని దుకాణాన్ని అడిగితే ఒప్పుకోలేదు. ఆ నష్టం 46లోనే ఉంది. రెండో విడత నుంచి ప్రతి బిడ్డకూ కొలత చూశాకే ఆర్డర్ ఇచ్చాం.

పరీక్షలకు 19 పాళ్ళు అయింది. చార్టు చదివిస్తే సరిపోయేదానికి ఇంత ఎందుకని కొందరు అడిగారు. ఆరు మీటర్ల దూరంలో చార్టు పెట్టి చదివించడం మా వాలంటీర్లే చేశారు. అక్షరాలు రాని చిన్నవాళ్ళకు ఇంగ్లీషు 'E' ఆకారపు గుర్తు చూపించి, దాని కాళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమన్నారు. అంతవరకూ ఖర్చు లేదు. కానీ పిల్లల కంటి కండరాలు బిగబట్టి చూడగలవు, దానివల్ల పవర్ తప్పుగా తేలుతుంది. అందుకే చుక్కల మందు వేసి, కండరం సడలాక, నిపుణులు పరీక్షించాలి. మందు వేశాక కాసేపు ఆగాలి, ఆ రోజంతా దగ్గరి అక్షరాలు మసకగా ఉండొచ్చు, ఎండ కళ్ళలో గుచ్చినట్టుంటుంది. కాబట్టి ప్రతి బిడ్డనూ ఇంటి దాకా దిగబెట్టాం. మందు, నిపుణుల రాకపోకలు, పిల్లల్ని దిగబెట్టిన బండ్లు, అన్నీ కలిపితే ఆ 19.

నాలుగో తరగతి పాప ఒకతి ఎప్పుడూ పక్కమ్మాయి నోట్సు చూసి రాసేది, దానికి తిట్లూ తినేది. జోడు పెట్టుకుని గోడ గడియారం వైపు చూసి, "దీనికి మూడో ముల్లు కూడా ఉందా?" అంది. తనకు సరిగా కనిపించడం లేదని ఆ పిల్లకే తెలియదు. పుట్టినప్పటి నుంచి అలాగే చూస్తున్న బిడ్డ, లోకమంతా ఇంతే మసక అనుకుంటుంది, ఇంట్లో చెప్పదు. పుస్తకాలూ సంచులూ ఇవ్వకుండా కళ్ళ మీద పడ్డారేమని అడిగినవారికి మా జవాబు ఈ పాపే. సేవా సంఘాలకు ఈ పని కొత్తేమీ కాదు. 1925లో అమెరికాలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ క్లబ్బుల మహాసభలో, చూపులేనివారికి అండగా నిలవమని, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ స్వయంగా కోరారు.

మెల్లకన్ను, ఒక కంటి చూపు మందగించడం ఉన్న పిల్లల్ని ఆసుపత్రికి పంపడానికి 6 పాళ్ళు ఖర్చు పెట్టాం. ఏడెనిమిదేళ్ళ లోపు చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుంది, అందుకే వీళ్ళ విషయంలో వారం కూడా ఆగలేదు. రిపేర్లకు, మళ్ళీ పరీక్షకు 9. రసీదు పుస్తకాలు, బ్యాంకు చార్జీలు 3.

ఖర్చు మొత్తం 83. నిల్వ 17.

ఈ 17 మీద కమిటీలోనే గట్టి చర్చ జరిగింది. డబ్బు చేతిలో ఉంచుకుని ఇంకొందరు పిల్లల్ని ఎందుకు వదిలేశామన్నది న్యాయమైన ప్రశ్న. ఆరు నెలల తర్వాత జోళ్ళు ఇచ్చిన పిల్లల్ని మళ్ళీ చూశాం. ఒక బాబు జోడు కాడ విరిగితే రబ్బరు బ్యాండుతో కట్టుకుని వచ్చాడు. ఇంకొందరి పవర్ మారిపోయింది. ఎదిగే వయసులో అది మామూలే. పవర్ సరిపోని జోడు ఇంట్లో ఓ మూల పడి ఉంటుంది. అందుకే కొత్తవారిని చేర్చుకునే ముందు, పాతవారి రెండో జోడుకు డబ్బు పక్కన పెట్టాలని తీర్మానించాం. ఆ సొమ్మును వేరే దేనికీ తీయకూడదని మినిట్స్‌లో రాసుకున్నాం.

కమిటీలో లేని ఇద్దరు సభ్యులు లెక్కలు తనిఖీ చేశారు. ఒక రసీదు రద్దయింది. దాని అసలు, కౌంటరు రెండూ పుస్తకంలోనే పిన్ను చేసి ఉన్నాయి. ఒక బండి కిరాయికి వోచర్ దొరకలేదు. దాన్ని ఖర్చులో చూపలేదు, కమిటీ సభ్యులమే తలా కొంత వేసుకుని కట్టేశాం.

వెనక్కి పోని ఆ 11 ఫ్రేములూ అలాగే ఉన్నాయి. పెద్ద తరగతుల పిల్లలకు సరిపోతాయి. ఇంట్లో టీవీకి మరీ దగ్గరగా కూర్చునే పిల్లలుంటే, బోర్డు మీద రాసింది కనబడక పక్కవాళ్ళను అడిగే పిల్లలుంటే, వచ్చే పరీక్షకు తీసుకురండి.

— కమిటీ తరఫున, కార్యదర్శి, కోశాధికారి