కాలదోషం పట్టే బాకీలు, ఓడిపోతామని తెలిసీ వేసే అప్పీళ్లు

సంపాదకుడు గారికి,

విశ్వవిద్యాలయాల్లో జీతాలకు, పింఛన్లకు డబ్బుల్లేవన్న వార్తలు తరచూ చూస్తున్నాం. గ్రాంట్లు పెంచాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వాలి. అందులో పేచీ లేదు. కానీ చేతిలో ఉన్న డబ్బు ఎటు పోతోందో ఎవరూ అడగరు. వర్సిటీల లెక్కలు తనిఖీ చేసి రిటైరైనవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

ఊళ్లో వడ్డీకి తిప్పేవాళ్లెవరైనా ప్రోనోటుకు మూడేళ్లు నిండకముందే చెల్లు వేయించుకుంటారు, లేదా నోటు తిరగరాయించుకుంటారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం వర్సిటీలకూ అదే గడువు పెట్టింది. అయినా క్యాంపస్ షాపుల అద్దెలు, అనుబంధ కాలేజీలు కట్టాల్సిన ఫీజులు ఏటా ‘గత సంవత్సరపు నిల్వ’ పేరుతో కొత్త పుస్తకంలోకి ఎక్కుతూనే ఉంటాయి. గడువులోగా బాకీ ఒప్పుకుంటూ ఒక్క సంతకం తీసుకుంటే మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఫైల్లో దొరకనిది ఆ కాగితమే.

అడ్వాన్సుల రిజిస్టరు ఇంకా విచిత్రం. సెమినార్‌కనో, స్పాట్ వాల్యుయేషన్‌కనో డబ్బు డ్రా చేస్తారు. బిల్లులు మాత్రం ఇవ్వరు. ఆడిట్ అభ్యంతరం రాస్తే ‘త్వరలో సర్దుబాటు చేస్తాం’ అని జవాబు. నేను చూసిన ఒక రిజిస్టరులో అడ్వాన్సు అలాగే ఉంది, తీసుకున్న ఆచార్యులు రిటైరయ్యారు, అదే ఆఫీసు ఆయనకు ‘నో డ్యూస్’ ఇచ్చేసింది. లైబ్రరీ పుస్తకం పోగొట్టిన పిల్లవాడు మాత్రం ఆ కాగితం కోసం కౌంటర్ల చుట్టూ తిరగాల్సిందే.

బాకీ రానప్పుడు రద్దు చేయొచ్చు. బాకీదారు చనిపోవచ్చు, కాలేజీ మూతపడొచ్చు. అయితే ఎవరి హయాంలో గడువు దాటిందో రాసి పాలకమండలి ముందు పెట్టాలి కదా!

రావాల్సిన దానిపై ఇంత ఉదారంగా ఉండే వర్సిటీ, ఇవ్వాల్సిన దగ్గర మహా పట్టుదలకు పోతుంది. పొరపాటున ఎక్కువ చెల్లించిన జీతాన్ని, ఉద్యోగి తప్పు లేనప్పుడు, రిటైరయ్యాక వసూలు చేయకూడదని రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అయినా గ్రాట్యుటీలో కోత పెడతారు. ఆ ఉద్యోగి హైకోర్టుకు వెళ్తాడు, గెలుస్తాడు. వర్సిటీ డివిజన్ బెంచికి అప్పీలు వేస్తుంది, అక్కడా ఓడిపోతుంది. చివరికి కోర్టు ధిక్కార కేసు పడ్డాక రిజిస్ట్రారుకు టెన్షన్ మొదలై చెక్కు రాత్రికి రాత్రే తయారవుతుంది. అప్పటికి వడ్డీ, లాయరు ఫీజులు కలిసి ఎంతయ్యాయో ఎవరూ కూడి చూడరు. రాజీ పడితే ‘ఎందుకిచ్చావ్’ అని ఆడిట్ అడుగుతుందని అధికారుల భయం. మా శాఖ వైపు నుంచి అది కొంత నిజమే. ఓడిపోయే అప్పీలు ఎందుకు వేశారని మేం ఎన్నడూ రాయలేదు.

ఇలాంటి తగాదాలను కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లొచ్చు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కాబట్టి రాజీకి ఒప్పుకున్న అధికారికీ రక్షణ. ఏటా కేసులవారీగా పెట్టిన ఖర్చును, రద్దు చేసిన బాకీల జాబితాను అడగకముందే వెబ్‌సైట్‌లో పెట్టాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెప్పేది ఇదే. వచ్చే బడ్జెట్ సమావేశంలో పాలకమండలి సభ్యులు ఈ రెండు జాబితాలూ చూడనిదే లెక్కలు ఆమోదించకూడదని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఆడిటర్